ఒక ఎన్నిక విడిచి ఒక ఎన్నిక

సిరిసిల్ల శాసనసభ ఫలితాలను 1967 నుంచి 2004 దాకా ఒక కాగితం మీద వరుసగా రాసి చూడండి. 1967: చెన్నమనేని రాజేశ్వరరావు. 1972: జె. నర్సింగరావు. 1978: రాజేశ్వరరావు. 1983: ఉచ్చిడి మోహన్‌రెడ్డి. 1985: రాజేశ్వరరావు. 1989: ఎన్.వి. కృష్ణయ్య. 1994: రాజేశ్వరరావు. 1999: రేగులపాటి పాపారావు. 2004: రాజేశ్వరరావు. తొమ్మిది ఎన్నికల్లో ఐదు ఆయనవే. వరుసగా రెండుసార్లు గెలిచిందీ లేదు, వరుసగా రెండుసార్లు సీటు చేజారిందీ లేదు. వీటికి ముందు 1957లో చొప్పదండి నుంచి ఒకటి. మొత్తం ఆరు గెలుపులు.

ఆరుసార్లు గెలిచినవాళ్లు మన రాష్ట్రాల్లో ఇంకా ఉన్నారు. వాళ్లలో ఎక్కువమంది పెద్ద పార్టీల వాళ్లు. గాలి తమవైపు వీచినప్పుడు గెలిచి, వీచనప్పుడు గాలి ఎటుపోతే అటు పోయినవాళ్లూ వాళ్లలో ఉన్నారు. రాజేశ్వరరావు గెలుపుల్లో చివరిది తప్ప అన్నీ ఎర్రజెండా కింద వచ్చినవే. ఆ జెండా బలం ఎంతో కూడా చూడాలి. 1967లో సీపీఐకి ఉమ్మడి రాష్ట్రంలో వచ్చినవి 11 సీట్లు. 1978లో 294 స్థానాల సభలో 6. 1985లో 12. 1994లో 19, వీటిలో అదే పెద్ద సంఖ్య. ముఖ్యమంత్రి పదవి సరే, మంత్రి పదవి ఆశ కూడా లేని పార్టీ అది. రోడ్డు వేయిస్తా, కొలువు పెట్టిస్తా అని ధైర్యంగా మాట ఇచ్చే వీలు లేదు. అలాంటి పార్టీకి సిరిసిల్ల లాంటి చోట ఒక సీటు ఎలా పుట్టింది, అంతకాలం ఎలా నిలిచింది అన్నదే ఇక్కడ చెప్పదలచుకున్న సంగతి.

మొదలు కోనరావుపేట మండలం నాగారంలో ఉంది. చెన్నమనేని వారిది ఆ ఊరి భూస్వామ్య కుటుంబం. తండ్రి శ్రీనివాసరావు, తల్లి చంద్రమ్మ. రాజేశ్వరరావు 1923 ఆగస్టు 31న పుట్టారు. అప్పటికి ఈ నేల నిజాం రాజ్యం. ఊళ్లో దొర, పట్వారీ, మాలీపటేల్. వాళ్ల కింద వెట్టి. గడి ముందు నుంచి చెప్పులు తొడుక్కుని నడిచే హక్కు కూడా అందరికీ లేని రోజులు. దొరల ఇంట్లో పుట్టిన పిల్లలు ఆ రోజుల్లో చదువు కోసం కరీంనగర్‌కో హైదరాబాద్‌కో వెళ్తే, తిరిగి వచ్చేటప్పుడు తలలో ఏం తెచ్చుకుంటారో తండ్రులకు తెలిసేది కాదు. 1938లో వందేమాతరం పాడారని ఉస్మానియా విశ్వవిద్యాలయం వెళ్లగొట్టిన విద్యార్థుల్లో అప్పటి కరీంనగర్ జిల్లా వంగరకు చెందిన పి.వి. నరసింహారావు ఒకరు. ఆ వేడిలోనే పెరిగిన తరం రాజేశ్వరరావుది. విద్యార్థి ఉద్యమం నుంచి కమ్యూనిస్టు పార్టీలోకి, అక్కడి నుంచి సాయుధ పోరాటంలోకి వెళ్లారు.

తెలంగాణ సాయుధ పోరాటం అనగానే నల్లగొండ, వరంగల్ గుర్తొస్తాయి. కరీంనగర్ పేరు పక్కన పడిపోతుంది. ఇది చరిత్ర రాసినవాళ్ల లోపమే తప్ప, జరిగినదాంట్లో లోపం లేదు. ఇల్లంతకుంట దగ్గర గాలిపెల్లికి చెందిన బద్దం ఎల్లారెడ్డి, పోలంపల్లికి చెందిన అనభేరి ప్రభాకరరావు ఇక్కడ దళాలు నడిపారు. అనభేరి కూడా దొరల బిడ్డే. పట్వారీ రికార్డులు తగలబెడుతూ ఊరూరా తిరిగిన ఆయన దళం 1948 మార్చి 14న హుస్నాబాద్ దగ్గర మహ్మదాపూర్ గుట్టల్లో నిజాం పోలీసుల చేతికి చిక్కింది. అనభేరి, ఆయన సహచరులు అక్కడే చనిపోయారు. సంగపోళ్లు అని జనం పిలుచుకున్న ఆ మనుషుల పేర్లు ఈ పల్లెల్లో ఇంకా వినిపిస్తాయి. సిరిసిల్లలో ఎర్ర ఓటు విత్తనం పడింది అక్కడే. పార్టీ కార్యక్రమం చదివి వేసిన ఓటు కాదది. నా ఇంటికి వచ్చి కుండలో గంజి తాగి, నా పొలం కాగితాలు తగలబెట్టి పోయిన మనిషికి వేసిన ఓటు.

1951 అక్టోబరులో పోరాటం విరమించాక పార్టీ ఎన్నికల్లోకి దిగింది. హైదరాబాద్ రాష్ట్రంలో దాని మీద నిషేధం ఉండటంతో ప్రజాస్వామ్య ప్రజాఫ్రంట్, అందరికీ తెలిసిన పేరు పీడీఎఫ్, అన్న పేరుతో 1952లో పోటీ చేసింది. నల్లగొండలో రావి నారాయణరెడ్డికి నెహ్రూను మించిన ఓట్లు వచ్చిన కథ అందరికీ తెలుసు. కరీంనగర్ లోక్‌సభ సీటు బద్దం ఎల్లారెడ్డి గెలిచిన సంగతి అంతగా గుర్తుండదు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక 1957లో తెలంగాణ ప్రాంతానికి మాత్రమే శాసనసభ ఎన్నికలు జరిగాయి. ఆంధ్ర ప్రాంతం వాళ్లు 1955లో గెలిచిన సభ్యులతోనే సర్దుకున్నారు. ఆ ఎన్నికల్లో చొప్పదండి నుంచి పీడీఎఫ్ తరఫున రాజేశ్వరరావు గెలిచారు. వయసు 33.

తర్వాతి పదేళ్లూ ఆయన పేరు గెలిచినవాళ్ల వరుసలో కనిపించదు. మధ్యలో 1964లో కమ్యూనిస్టు పార్టీ రెండుగా చీలింది. పోరాటంలో ఒకే కంచంలో తిన్నవాళ్లు రెండు ఆఫీసులు పెట్టుకున్నారు. రాజేశ్వరరావు సీపీఐలోనే ఉండిపోయారు. 1967లో సొంత ప్రాంతమైన సిరిసిల్ల నుంచి కంకి కొడవలి గుర్తు మీద గెలిచారు.

ఆ అయిదేళ్లలోనే సిరిసిల్లకు ఒక అరుదైన వస్తువు వచ్చింది. దాని గురించి కొంచెం ఆగి చెప్పుకోవాలి. 1969 జూలైలో కేంద్రం గ్రామీణ విద్యుదీకరణ సంస్థను పెట్టింది. పల్లెకు కరెంటు తీసుకుపోవడానికి రాష్ట్ర విద్యుత్ బోర్డులే దిక్కు కాకూడదు, వాడుకునేవాళ్లే సంఘంగా ఏర్పడి తమ లైన్లు తామే నడుపుకోవచ్చు అన్న ఆలోచనతో దేశం మొత్తం మీద ఐదు చోట్ల ప్రయోగంగా సహకార విద్యుత్ సంఘాలు పెట్టారు. కర్ణాటకలో హుక్కేరి, మహారాష్ట్రలో ములా ప్రవర, గుజరాత్‌లో కొడినార్, ఉత్తరప్రదేశ్‌లో లక్నో. మన దగ్గర సిరిసిల్ల. 1970లో ఇక్కడి సంఘం పని మొదలుపెట్టింది. పూర్తి పేరు సహకార విద్యుత్ సరఫరా సంఘం. జనం నోట్లో సెస్.

నమూనా ఎక్కడిదంటే అమెరికాది. 1930లలో రూజ్‌వెల్ట్ కాలంలో అక్కడి ప్రైవేటు కంపెనీలు పల్లెలకు తీగలు లాగడం నష్టమని మొండికేస్తే, రైతులే సంఘాలు కట్టుకుని ప్రభుత్వ అప్పుతో లైన్లు వేసుకున్నారు. ఆ సంఘాల జాతీయ సమాఖ్య నిపుణులే ఇక్కడి ప్రయోగానికి సలహాదారులు. అమెరికా ఆలోచన, కమ్యూనిస్టు ఎమ్మెల్యే ఉన్న తాలూకా. ఢిల్లీలో ఎవరో నవ్వుకునే ఉంటారు. ఇక్కడి రైతుకు మాత్రం ఆ తీగ ఏ దేశం ఆలోచనో పట్టలేదు. ఈ ప్రాంతంలో పెద్ద కాలువలు లేవు, బావే ఆధారం. మోట కొట్టే ఎద్దుల జత పోయి మోటరు రావడం అంటే రెండో పంట రావడం. ఊళ్లో సాలె మగ్గం పోయి సాంచె రావడం కూడా ఆ తీగతోనే. సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచె అనే అంటారు. భీవండి, షోలాపూర్ వెళ్లి సాంచెల మీద పని నేర్చుకున్న పద్మశాలీలు ఇక్కడ కూడా అదే పని పెట్టుకోగలిగారంటే, ఊళ్లో నమ్మకంగా కరెంటు ఉండబట్టే.

సెస్‌ను రాజేశ్వరరావు ఒక్కరి ఘనతగా చెప్పడం నాకు ఇష్టం లేదు. ఢిల్లీ పథకం, అమెరికా సొమ్ము, రాష్ట్ర ప్రభుత్వం ఆమోదం, అన్నీ కలిస్తేనే అది వచ్చింది. కాని అది నిలవడం సంగతి వేరు. కనెక్షన్ తీసుకున్న ప్రతి మనిషీ వాటా కొని సభ్యుడవుతాడు, ఓటరవుతాడు; పాలకవర్గాన్ని ఎన్నుకుంటాడు. సంఘం పెట్టుకుని, చందా కట్టి, మీటింగ్‌కు వచ్చి అడగడం అన్న అలవాటు ముందే ఉన్న చోట అలాంటి సంస్థ బతుకుతుంది. ఆ అలవాటు నేర్పినవాళ్లలో ఎర్రజెండా వాళ్లది పెద్ద వాటా. ఆ తర్వాత ఉమ్మడి రాష్ట్రంలో జోగిపేట, ఆత్మకూరు, రాయచోటి లాంటి చోట్ల పెట్టిన ఇలాంటి సంఘాలు ఒక్కటొక్కటిగా కనుమరుగయ్యాయి. తెలంగాణలో మిగిలింది సిరిసిల్లదే. ఇవాళ దాని డైరెక్టర్ల ఎన్నికలను పెద్ద పార్టీలు అసెంబ్లీ ఎన్నికల్లా పోరాడుతున్నాయంటే, అందులో ఎంత బలం ఉందో తెలుసుకోవచ్చు.

1969లో ప్రత్యేక తెలంగాణ ఉద్యమం లేచింది. సీపీఐ అప్పుడు సమైక్య రాష్ట్రం వైపు నిలబడింది. తెలంగాణ నడిబొడ్డున ఎమ్మెల్యేగా ఉండి ఆ మాట మీద నిలబడటం తేలిక కాదు. 1972లో సీటు కాంగ్రెస్‌కు పోయింది.

1978లో మళ్లీ ఆయనే. ఈ ఏడాదే ఈ కథలో అన్నిటికన్నా చిక్కుది. ఎమర్జెన్సీకి మద్దతిచ్చిన మచ్చ పార్టీ మీద ఉంది. రాష్ట్రంలో కాంగ్రెస్ గాలి వీచింది. అయినా సీపీఐకి వచ్చిన ఆరు సీట్లలో సిరిసిల్ల ఒకటి. అదే ఏడాది సెప్టెంబరు 7న జగిత్యాలలో రైతుకూలీల జైత్రయాత్ర జరిగింది. పల్లెల నుంచి వేలమంది కూలీలు పట్నంలోకి నడిచి వచ్చారు. వెట్టి ఆపాలి, దొరలు ఆక్రమించిన భూములు వదలాలి, కూలి పెంచాలి. 1948లో అనభేరి దళం అడిగినవే ముప్పై ఏళ్ల తర్వాత మళ్లీ అడగవలసి వచ్చింది. దొరల మీద సాంఘిక బహిష్కారం పెట్టారు: మంగలి గడ్డం గీయడు, చాకలి బట్టలు ఉతకడు, జీతగాడు పనికి రాడు. కొందరు దొరలు గడీలు వదిలి పట్నాలకు వెళ్లిపోయారు. అక్టోబరులో ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. పల్లెల్లో పోలీసు క్యాంపులు వెలిశాయి.

జైత్రయాత్ర వెనక ఉన్న ఈ కొత్త ఎర్రవాళ్లు, అంటే నక్సలైట్లు, ఎమ్మెల్యేలను నమ్మేవాళ్లు కాదు. ఓటుపెట్టె వాళ్లకు మోసం. వాళ్ల దృష్టిలో రాజేశ్వరరావు పాత పోరాటాన్ని శాసనసభ కుర్చీకి మార్చుకున్న తరం మనిషి. ఇటు దొరల దృష్టిలో ఆయన ఇంటి పరువు తీసిన దొరబిడ్డ. మధ్యలో నిలబడి సభలో మాట్లాడే మనిషికి చప్పట్లు ఎటునుంచీ రావు. నా లెక్కలో ఆయన రాజకీయ జీవితంలో కష్టమైన కాలం జైలు కాదు, అజ్ఞాతవాసం కాదు. ఈ 1978 నుంచి 1983 వరకు. తన నియోజకవర్గానికి తానే ప్రతినిధి, కాని అక్కడ జరుగుతున్నదానికి తన పార్టీ ప్రతినిధి కాదు.

1983లో ఎన్టీఆర్ వచ్చాడు. సిరిసిల్ల చేజారింది. 1985 ఎన్నికల్లో తెలుగుదేశం తనతో కలిసి వచ్చిన పార్టీలకు సీట్లు వదిలింది: ఇటు సీపీఐ, సీపీఎం, అటు బీజేపీ. ఆ పొత్తులో సిరిసిల్ల నుంచి రాజేశ్వరరావు, పక్కనే మెట్‌పల్లి నుంచి బీజేపీ తరఫున సి. విద్యాసాగర్‌రావు గెలిచారు. విద్యాసాగర్‌రావు ఎవరో కాదు, సొంత తమ్ముడు. అన్న ఎర్రజెండా, తమ్ముడు కాషాయం. ఇద్దరూ ఒకే సభలో, ఒకే తెలుగుదేశం పంచన గెలిచి వచ్చి కూర్చున్నారు. ఇంకో తమ్ముడు హనుమంతరావు ఈ రెంటిలోనూ లేరు. ఢిల్లీలో ఆర్థికశాస్త్రవేత్త, అప్పటికి ప్రణాళికా సంఘం సభ్యుడు, తర్వాత పద్మభూషణ్. నాగారంలో దసరాకు ఈ ముగ్గురూ ఒక్కచోట కూర్చుంటే ఏం మాట్లాడుకునేవారో వినాలని ఉండేది.

అన్నదమ్ముల దారులు ఎంత విడిపోయాయో చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. 1996లో సీపీఐ తొలిసారి కేంద్ర మంత్రివర్గంలో చేరి, ఇంద్రజిత్ గుప్తా హోంమంత్రి అయ్యారు. మూడేళ్ల తర్వాత అదే హోంశాఖలో వాజ్‌పేయి ప్రభుత్వం తరఫున సహాయమంత్రిగా అడుగుపెట్టింది రాజేశ్వరరావు తమ్ముడు. ఆ తర్వాత 2014లో మహారాష్ట్ర గవర్నర్ కూడా అయ్యారు. చిన్న పార్టీని నమ్ముకున్న అన్న, అప్పటికి చిన్నదే అయినా పెద్దదయ్యే పార్టీని నమ్ముకున్న తమ్ముడు. 1994 శాసనసభలో సీపీఐకి 19 మంది ఉంటే బీజేపీకి ముగ్గురే. ఆ లెక్క చూసి అప్పుడు ఎవరైనా పందెం కాస్తే ఎర్రజెండా మీదే కాసేవారు.

1989లో సిరిసిల్ల ఓటరు విచిత్రం చేశాడు. రాజేశ్వరరావు సీటు పోయింది కాని ఎరుపు పోలేదు. స్వతంత్రుడిగా గెలిచిన ఎన్.వి. కృష్ణయ్య ఎం.ఎల్. పార్టీ మనిషి. 1978లో ఓటు మోసమన్న వైపు నుంచే ఒకరు ఓటుతో గెలిచి సభకు వెళ్లారు. సిరిసిల్లను కేవలం ఒక కుటుంబం సీటు అనుకునేవాళ్లకు ఈ ఒక్క ఫలితం జవాబు. 1994లో మళ్లీ రాజేశ్వరరావు, మళ్లీ తెలుగుదేశం పొత్తులో. ఆ రోజుల్లో ఆయన శాసనసభలో సీపీఐ పక్ష నాయకుడు కూడా.

ఆ పదవీకాలం చివరికి సాంచెల ఊరు మీద చీకటి పడింది. నూలు ధర ఎక్కింది, బట్ట ధర ఎక్కలేదు. సేటు దగ్గర నూలు తెచ్చుకుని కూలికి నేయించే ఆసామి అప్పులపాలయ్యాడు. ఆసామి కింద రాత్రి షిఫ్టు చేసే కార్మికుడికి పని దొరకలేదు. నేతన్నల ఆత్మహత్యలతో సిరిసిల్ల పేరు దేశమంతటికీ తెలిసింది. తీగ ఉంది, సాంచె ఉంది, సంఘం ఉంది, కొనేవాడు లేడు. సంఘం పుట్టించిన సీటుకు ఇది పరీక్ష. సమ్మె చేస్తే యజమాని దిగొస్తాడు, మార్కెట్ దిగిరాదు. ఎర్రజెండా దగ్గర దీనికి మందు లేకపోయింది. ఆ మాటకొస్తే ఎవరి దగ్గరా లేకపోయింది.

చంద్రబాబు వాజ్‌పేయి వైపు జరిగాక తెలుగుదేశానికి, వామపక్షాలకు తెగిపోయింది. 1999లో తెలుగుదేశం తోడు లేకుండా నిలబడ్డ సీపీఐకి ఆంధ్రప్రదేశ్‌లో ఒక్క సీటూ రాలేదు. తర్వాత రాజేశ్వరరావు పార్టీ విడిచి తెలుగుదేశంలోకి వెళ్లారు. 2004లో 80 ఏళ్ల వయసులో సైకిల్ గుర్తు మీద సిరిసిల్ల నుంచి గెలిచారు. రాష్ట్రమంతా వై.ఎస్. గాలి, ఈ జిల్లాలో తెలంగాణ గాలి. తెలుగుదేశం 47 సీట్లకు పడిపోయిన ఎన్నిక అది. అదే ఎన్నికల్లో, అదే కూటమి నుంచి కరీంనగర్ లోక్‌సభకు నిలబడ్డ తమ్ముడు విద్యాసాగర్‌రావు కేసీఆర్ చేతిలో ఓడారు. అన్న గెలిచారు.

పార్టీ మారడాన్ని ఎలా చూడాలి? పాత సహచరులు క్షమించలేదంటే తప్పు పట్టను. జీవితమంతా బీజేపీని ఎదిరించిన జెండా మోసి, చివరికి దాని మిత్రపక్షంలో చేరడం సిద్ధాంతం లెక్కలో సమర్థించలేనిది. కాని 2004 ఫలితం ఇంకో సంగతి కూడా బయటపెట్టింది. సీటు పార్టీదా, మనిషిదా అన్న ప్రశ్నకు సిరిసిల్ల ఆ ఏడాది తేల్చి చెప్పింది. సీపీఐ అటు కాంగ్రెస్, టీఆర్ఎస్ కూటమిలో ఉంది. ఓటు పాత మనిషి వెంట ఇటు వచ్చింది. చిన్న పార్టీ ఒక నాయకుడి భుజాల మీద సీటు కట్టుకుంటే, ఆయన లేచి వెళ్లిన రోజున సీటు కూడా లేచి వెళ్తుంది. సీపీఐ ఇక్కడ రెండో మనిషిని తయారు చేసుకోలేదు. ఆ తప్పులో ఆయనకూ వాటా ఉంది.

2008 పునర్విభజన పటాన్నే మార్చేసింది. మెట్‌పల్లి నియోజకవర్గం పోయి కోరుట్ల వచ్చింది. కొత్తగా వేములవాడ ఏర్పడింది. కోనరావుపేట అందులోకి వెళ్లింది. 2009లో రాజేశ్వరరావు కుమారుడు రమేష్ వేములవాడ నుంచి తెలుగుదేశం తరఫున గెలిచి, తర్వాత టీఆర్ఎస్‌లో చేరి, 2010 ఉప ఎన్నికలో, 2014లో, 2018లో మళ్లీ గెలిచారు. ఆయన జర్మన్ పౌరసత్వం వివాదం ఏళ్ల తరబడి కోర్టుల్లో నడిచి, 2024 డిసెంబరులో హైకోర్టు ఆయనకు వ్యతిరేకంగా తీర్పు చెప్పడంతో ఆ అధ్యాయం ఇంకో రకంగా ముగిసింది. అదే 2009లో సిరిసిల్లలో కె.టి. రామారావు 171 ఓట్ల తేడాతో గెలిచారు. ఆ తర్వాత ఆ సీటు విడిచి విడిచి తిరగడం మానేసింది. ప్రతిసారీ ఆయనకే వెళ్తోంది.

చెన్నమనేని రాజేశ్వరరావు 2016 మే 9న 92 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఐదు నెలలకు, అక్టోబరు 11న, సిరిసిల్ల జిల్లా కేంద్రమైంది. కోనరావుపేట మండలం ఆ జిల్లాలోనే ఉంది. 1994 తర్వాత సిరిసిల్లలో కంకి కొడవలి గుర్తు మీద ఎవరూ గెలవలేదు.